వార్షిక నివేదిక: ఈ ఏడాది మన సంఘం, దాంతోపాటు కలకత్తా డెంటల్ కాలేజీ కథ

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదిక పళ్ళ చుట్టూనే తిరుగుతుంది, ముందే చెప్పేస్తున్నా. ఉగాది, వనభోజనాలు, పిల్లల తెలుగు తరగతులు ఎప్పట్లాగే జరిగాయి, ఫోటోలు గ్రూపులో చూశారు, జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. వాటి గురించి ఇంకో పేజీ రాసి మిమ్మల్ని విసిగించను. ఏడాది మొత్తంలో జనం బాగా వచ్చి, బాగా వాదించుకుని, భోజనాలు చల్లారిపోయేదాకా కదలకుండా కూర్చున్న కార్యక్రమం ఒక్కటే, డిసెంబర్ 24న, కలకత్తాలో డెంటల్ కాలేజీ పెట్టిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ పుట్టినరోజున జరిపిన సభ. ఆ రోజు హాలు తాళం చేతికి రావడమే ఆలస్యమైంది, మైకు సగం పనిచేసింది, అయినా ఎవరూ లేవలేదు.

సభ పెడదామన్నప్పుడు కమిటీలోనే ఒక పెద్దాయన అడిగారు, "పళ్ళ కాలేజీ చరిత్రతో తెలుగు సంఘానికేం పనండీ?" అని. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇదీ: సియాల్దా దగ్గర ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డు మీదున్న ఆర్. అహ్మద్ డెంటల్ కాలేజీ ఆస్పత్రిలో పన్ను పీకించుకున్నవాళ్ళు, కట్టుడు పళ్ళు పెట్టించుకున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాల నుంచి తెల్లారే లోకల్ ఎక్కి వచ్చేవాళ్ళూ ఉన్నారు. బోర్డు మీదున్న ఆ 'ఆర్. అహ్మద్' ఎవరో మాత్రం అడిగితే చెప్పగలిగినవాళ్ళు తక్కువ. ఉన్న ఊరి గురించి ఆ మాత్రం తెలుసుకోకపోతే ఎలా?

ఆయన 1890లో తూర్పు బెంగాల్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో పుట్టారు. అలీగఢ్‌లో చదివి, 1909లో అమెరికా వెళ్ళి, అయోవా యూనివర్సిటీలో 1915లో పంటి వైద్యంలో డీడీఎస్ పట్టా తీసుకున్నారు. తర్వాత బోస్టన్‌లో ఫోర్సైత్ డెంటల్ ఇన్‌ఫర్మరీలో పనిచేశారు. పిల్లల పళ్ళ వైద్యం కోసమే పెట్టిన సంస్థ అది. 1919లో తిరిగొచ్చి, మరుసటి ఏడాదే కలకత్తాలో డెంటల్ కాలేజీ తెరిచారు. మన దేశంలో మొదటిది అదే.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే సభలో అసలు చర్చ ఇక్కడే మొదలైంది. అమెరికాలో పంటి వైద్యం చదువు ఎలా ఎదిగిందో చూస్తే ఒక వరస కనిపిస్తుంది. 1840లో బాల్టిమోర్‌లో ఇద్దరు డాక్టర్లు, హోరేస్ హేడెన్, చాపిన్ హ్యారిస్, విడిగా ఒక కాలేజీ పెట్టారు. 1867లో హార్వర్డ్ తన యూనివర్సిటీలోనే డెంటల్ స్కూల్ తెరిచింది, ఒక యూనివర్సిటీ గొడుగు కింద వచ్చిన మొదటి పళ్ళ బడి అదేనంటారు. అయోవాలో 1882కల్లా ఆ విభాగం ఉంది. అంటే అహ్మద్ గారు చదువుకున్న చోట డబ్బు, డిగ్రీ, లాబొరేటరీ అన్నీ యూనివర్సిటీ చూసుకునే ఏర్పాటు అప్పటికే ఉంది. ఇక్కడికొచ్చేసరికి అదేదీ లేదు. దాంతో ఆయన తిరగేసి మొదలుపెట్టారు. ముందు సొంతంగా కాలేజీ, దాన్ని నడపడానికి సొంతంగా ఒక వ్యాపారం.

ఆ వ్యాపారం ఏంటంటే 'న్యూయార్క్ సోడా ఫౌంటెన్'. అవునండీ, ఐస్‌క్రీమూ సోడాలూ అమ్మే దుకాణం. ఆ ఆదాయంతోనే పళ్ళ కాలేజీ నడిచింది. సభలో ఇది చెప్పగానే నవ్వులే నవ్వులు, మన పిల్లల డాక్టరుగారైతే "పేషెంట్లని కూడా ఆయనే తయారుచేసుకున్నారన్నమాట" అనేశారు. ఎక్కడ ఈ కథ చెప్పినా ఈ ముక్క దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం దీని తర్వాత జరిగిందే పెద్ద విషయం అనిపిస్తుంది.

ఎందుకంటే కాలేజీ తెరిచినంత మాత్రాన విద్యార్థులు వరస కట్టలేదు, మొదటి ఏళ్ళలో చేరినవాళ్ళు చాలా తక్కువ. కారణం తేలికే. పన్ను నొప్పంటే లవంగం నూనె, అదీ కుదరకపోతే బజార్లో పటకారు పట్టుకుని కూర్చున్న మనిషి. దానికి చదువేంటి, డిగ్రీ ఏంటి? చైనాలోని హూబే ప్రాంతం నుంచి వచ్చి కలకత్తాలో స్థిరపడ్డ కుటుంబాలు పళ్ళు కట్టే పనిని తరతరాలుగా చేస్తూ వచ్చాయి, చేయి తిరిగినవాళ్ళే. ఏళ్ళ తరబడి చదివి బయటికొచ్చినవాడికీ, ఏమీ చదవకుండా కుర్చీ వేసుక్కూర్చున్నవాడికీ చట్టం దృష్టిలో తేడా లేనప్పుడు ఏ తండ్రి ఫీజు కడతాడు?

ఆయనకి ఈ సంగతి బాగా అర్థమైనట్టుంది. 1925లో ఒక డెంటల్ జర్నల్ మొదలుపెట్టారు, అదే ఏడాది బెంగాల్ డెంటల్ అసోసియేషన్‌కి నడుం కట్టారు. 1928లో విద్యార్థుల కోసం ఆపరేటివ్ డెంటిస్ట్రీ, అంటే పాడైన పళ్ళని బాగుచేసే వైద్యం మీద పుస్తకం రాశారు. కలకత్తా కార్పొరేషన్‌లో కౌన్సిలర్‌గా కూడా పనిచేశారు. 1939లో బెంగాల్ డెంటిస్ట్స్ చట్టం వచ్చింది, ఎవరిని డెంటిస్టు అనాలో చెప్పే చట్టం మన దేశంలో అదే మొదటిది. 1948లో దేశమంతటికీ డెంటిస్ట్స్ యాక్ట్, మరుసటి ఏడాది డెంటల్ కౌన్సిల్ వచ్చాయి. ఆ 1948 చట్టంలో ఒక తెలివైన ఏర్పాటు ఉండేది. డెంటిస్టుల పేర్లు నమోదు చేసే రిజిస్టరుని రెండు భాగాలు చేసి, చదివినవాళ్ళని 'ఎ'లో, చదువు లేకపోయినా అప్పటికే ఏళ్ళుగా అదే వృత్తి మీద బతుకుతున్నవాళ్ళని 'బి'లో పెట్టారు. పాతవాళ్ళని రోడ్డున పడేయకుండా, కొత్తగా రాబోయేవాళ్ళకి మాత్రం చదువు తప్పనిసరి చేశారు. సభలో ఒకరిద్దరు దీన్ని రాజీ అన్నారు. రాజీయే. అది లేకుండా ఆ చట్టం ఒక్క అడుగు కూడా వేసేది కాదని నా అభిప్రాయం.

1949లో ఆయన కాలేజీని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి ఉచితంగా ఇచ్చేశారు. ఆ తర్వాతే అది కలకత్తా యూనివర్సిటీ గొడుగు కిందికి వచ్చింది. అయోవాలో ఎక్కడ మొదలైందో ఇక్కడ అక్కడికి చేరడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఇవాళ ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో సీటు రేట్లు చూస్తున్నవాళ్ళకి, నడుస్తున్న కాలేజీని ఒకాయన ఊరికే ఇచ్చేశాడంటే నమ్మడం కష్టమే. తర్వాత పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ మంత్రివర్గంలో అహ్మద్ గారు 1962 దాకా ఉన్నారు, శాఖల్లో శరణార్థుల పునరావాసం కూడా ఒకటి. 1964లో పద్మభూషణ్, 1965లో మరణం.

ప్రశ్నల సమయంలో ఎక్కువమందిని ఆశ్చర్యపరిచింది ఫాతిమా జిన్నా పేరు. జిన్నా చెల్లెలు చదివింది ఈ కాలేజీలోనే, 1923లో బొంబాయిలో క్లినిక్ పెట్టుకున్నారు. మరి మనవాళ్ళ సంగతేంటని ఒకరు అడిగారు. మద్రాసులో ప్రభుత్వ డెంటల్ కాలేజీ 1953లో, హైదరాబాద్‌లో 1959లో వచ్చాయి. తెలుగు నేల మీద పిల్లలు ఇంటి దగ్గర ఈ చదువు చదవడానికి కలకత్తా తర్వాత దాదాపు నలభై ఏళ్ళు ఆగాల్సొచ్చింది.

సభ ఊపులోనే జనవరిలో పళ్ళ పరీక్షా శిబిరం పెట్టాం. వచ్చిన డాక్టర్లందరూ మన సభ్యుల పిల్లలూ వాళ్ళ స్నేహితులే, పైసా తీసుకోలేదు, పెసరట్టు మాత్రం తిన్నారు. పిల్లల్లో పిప్పి పళ్ళు, మగవాళ్ళలో ఖైనీ, పెద్దావిడల్లో వక్కాకు, ఎవరి లెక్క వాళ్ళది. ఖైనీ నమిలేవాళ్ళ బుగ్గ లోపల తెల్లమచ్చలు కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. చూపించుకోమన్నవాళ్ళలో ఇంకా వెళ్ళనివాళ్ళున్నారు, పేర్లు రాయను గానీ వాళ్ళకి తెలుసు. దయచేసి వెళ్ళండి, టెన్షన్ పడుతూ కూర్చోవడం కంటే ఒక పూట లైన్లో నిలబడటం నయం.

వచ్చే ఏడాది ఈ శిబిరం ఖరగ్‌పూర్‌లో పెట్టాలని కమిటీ అనుకుంటోంది. హాలు చూడాలి, కుర్చీలు చూడాలి, బెంగాలీ నుంచి తెలుగులోకి అక్కడికక్కడే చెప్పగలిగే పిల్లలు కావాలి. కుదిరినవాళ్ళు ఉగాదిలోపు కార్యదర్శికి పేరు ఇవ్వండి. చందా బాకీ ఉన్నవాళ్ళు కూడా ఆ పని అప్పుడే చూసుకుంటే మాకు మళ్ళీ ఫోన్లు చేసే బాధ తప్పుతుంది.