వించెస్టర్‌లో మూసేస్తున్న ఆ బడి మనక్కూడా కావాలి

(ఈ ఉత్తరం 2009లో, ఆ సెంటర్ మూతపడకముందు రాసింది.)

సంపాదకుల వారికి నమస్కారం.

మాది బందరు. ఉద్యోగాల వల్ల ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్‌లో ఉంటున్నాం. ఇక్కడికి దగ్గర్లోనే వించెస్టర్‌లో టెక్స్‌టైల్ కన్జర్వేషన్ సెంటర్ ఉంది, పాతకాలపు బట్టలు పాడైపోకుండా కాపాడే పని నేర్పుతారక్కడ. దాన్ని 2009 అక్టోబర్ 31న మూసేస్తామని సౌతాంప్టన్ యూనివర్సిటీ తేల్చి చెప్పేసింది. అక్కడెక్కడో బడి మూతపడితే తెలుగు పేపరుకి ఉత్తరం ఎందుకమ్మా అంటారేమో. మన బట్టలు ఈ దేశంలో ఉన్నాయి కాబట్టి.

లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం చూసినవాళ్లకి తెలుసు, మన కోరమండల్ తీరంలో వేసిన తెరలు, దుప్పట్లు అక్కడ ఎంత భద్రంగా దాచారో. 18వ శతాబ్దంలో పేరుమోసిన నటుడు డేవిడ్ గారిక్ ఇంట్లో మంచానికి కట్టిన తెరలు కూడా మన తీరం నుంచి వచ్చినవే. మన అద్దకం బట్టల మీద అప్పట్లో ఇక్కడ నిషేధం ఉండేది, అందుకని కస్టమ్స్ వాళ్లు గారిక్ తెరల్ని పట్టుకున్నారు కూడా.

ఇవన్నీ కలంకారీ పనితనంతో వేసిన బట్టలే. కలంకారీకి ప్రాణం నల్లగీత. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన ద్రవం కరక్కాయ రసంలో తడిపి ఆరేసిన గుడ్డ మీద పడితే నల్లగా తేలుతుంది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఇనుమే నూలుని తినేస్తుంది. చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసిన ఎరుపు ఇంకా నిలిచే ఉంటుంది, దాని చుట్టూ గీసిన నల్లగీత మాత్రం పొడిగా రాలిపోయి, పూరేకు అంచు పొడవునా సన్నటి చీలిక మిగులుతుంది. అలాంటి బట్టని నీళ్లలో పెట్టొచ్చా కూడదా, అడుగున వేసే గుడ్డకి ఏ రంగు అద్దాలి, వెంట్రుకంత దారంతో ఎక్కడ కుట్టాలి, ఎక్కడ అసలు సూది దించకూడదు, ఇవన్నీ పుస్తకం చదివితే వచ్చేవి కావు. కెమిస్ట్రీ తెలియాలి, పైగా చెయ్యి తిరిగినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

1975లో కారెన్ ఫించ్ గారు హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో మొదలుపెట్టిన సంస్థ ఇది. 1999లో వించెస్టర్‌కి మారింది. ఈ 2009లో బ్రిటన్ మొత్తంలో ఈ విద్యని ఎం.ఎ. స్థాయిలో నేర్పే చోటు ఇదొక్కటే, బయటి దేశాల వాళ్లు కూడా వచ్చి చదువుకుని వెళ్తారు.

ఖర్చుకి తగ్గ రాబడి లేదన్నది యూనివర్సిటీ వాదన. నిజమే, వందమందిని హాల్లో కూర్చోబెట్టి చెప్పేసే చదువు కాదిది, ల్యాబు కావాలి, కొద్దిమందికే ఒక టీచరు ఉండాలి, ఫీజులతో గిట్టుబాటు కాదని నేనూ ఒప్పుకుంటాను. అలాగని ఇంకో యూనివర్సిటీ ముందుకొచ్చేదాకా కూడా ఆగకుండా తాళం వేసేస్తే ఎలా? పరికరాలు మళ్లీ కొనుక్కోవచ్చు. ముప్పై ఏళ్లకు పైగా కుదురుకున్న బృందం తలో దిక్కూ పోతే వాళ్లని మళ్లీ ఒకచోటికి ఎవరు చేరుస్తారు? నాకున్న టెన్షన్ అంతా అదే.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లు దయచేసి మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి, యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌కి కూడా రాయండి, మన ఊళ్ల బట్టలు ఇక్కడున్నాయన్న సంగతి అందులో తప్పకుండా చెప్పండి. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం, మన పురావస్తు శాఖ తమ లెటర్‌హెడ్ మీద నాలుగు మాటలు రాసి పంపితే దాని బరువే వేరు. పెడన, శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుల సంఘాలు రాస్తే ఇంకా మంచిది, తెలుగులోనే రాయండి, ఇంగ్లిష్‌లోకి మార్చి పంపే పని నేను చూసుకుంటాను. అక్టోబర్ దాకా ఆగకండి, ఈ నెలలోనే పంపండి.

ఇట్లు,
ఒక బందరు పాఠకురాలు, సౌతాంప్టన్