బల్లిని బల్లి అంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

విదేశీ వార్తల పేజీలో మీరు అప్పుడప్పుడు ఇండోనేషియా రాజకీయ కార్టూన్లు వేస్తున్నారు. సంతోషమే. కానీ బొమ్మ కింద ఇచ్చే రెండు లైన్ల తెలుగు వల్ల చాలాసార్లు చురక ఎవరికి తగలాలో వాళ్లకు కాక పక్కవాళ్లకు తగులుతోంది.

ముందు బల్లి సంగతి. 2009లో జాతీయ పోలీసు నేరపరిశోధన విభాగం అధిపతి సుస్నో దుఆజి, అవినీతి నిర్మూలన కమిషన్ తన ఫోను వింటోందన్న కోపంతో ‘టెంపో’ వారపత్రికతో మాట్లాడుతూ కమిషన్‌ను బల్లితో, పోలీసు శాఖను మొసలితో పోల్చాడు. బల్లికి మొసలితో పోటీయా అన్నట్టు. జనం ఆ తిట్టునే బిరుదుగా తగిలించుకున్నారు. బల్లిని అక్కడ ‘చిచక్’ అంటారు. ఆ అక్షరాలనే విడదీసి ‘ఇండోనేషియాను ప్రేమిస్తాం, కేపీకేను ప్రేమిస్తాం’ అనే అర్థం వచ్చేలా నినాదం కట్టారు. కేపీకే అంటే ఆ కమిషనే. అక్టోబరు నెలాఖరున కమిషన్ ఉపాధ్యక్షులు ఇద్దరిని పోలీసులు అరెస్టు చేసేసరికి గోడల మీదా కార్టూన్లలోనూ ఎక్కడ చూసినా బల్లులే. అంటే బల్లి ఆ బొమ్మలో కథానాయకుడు. మన పాఠకుడికి బల్లి అంటే శకునం, ఒంటిమీద పడితే దోషం. మొసలి అనగానే దొంగ కన్నీళ్లు, లేదంటే గజేంద్రమోక్షం గుర్తొస్తాయి. కాబట్టి ‘బల్లి–మొసలి పోరు’ అని రాసి ఊరుకుంటే చాలదు, ఎవరు ఏదో ఒక్క ముక్కలో చెప్పాలి.

ఎలుకది దీనికి పూర్తిగా ఎదురు. టై కట్టుకున్న ఎలుక అక్కడ లంచగొండి అధికారికి గుర్తు. మనకు ఎలుక వినాయకుడి వాహనం, అదీ బక్క ప్రాణి. ‘టై కట్టిన ఎలుక’ అంటే నవ్వొస్తుంది కానీ ఒళ్లు మండదు. ప్రజల సొమ్ము మెక్కేవాణ్ణి మనం పందికొక్కు అంటాం. ఆ మాటే వాడండి.

బొమ్మలో రాసి ఉండే మాటల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైంది ‘సెరాంగన్ ఫజర్’. మక్కీకి మక్కీ దింపితే ‘తెల్లవారుజాము దాడి’. చదివినవాళ్లు సైన్యం ఎక్కడో విరుచుకుపడిందనుకుంటారు. అసలు సంగతి పోలింగు రోజు తెల్లారకముందే ఇంటింటికీ డబ్బు పంచడం. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా ఇది విడమరచి చెప్పాల్సిన పని లేదు, ‘ఓటుకు నోటు’ చాలు. అలాగే ‘ఉఆంగ్ రొకోక్’, అంటే సిగరెట్ డబ్బులు, మన చాయ్‌పానీయే.

పంది దగ్గర మాత్రం ఒక వాక్యం ఖర్చు పెట్టక తప్పదు. 2010 జూన్ చివర్లో ‘టెంపో’ ముఖచిత్రం మీద పోలీసు అధికారినీ, అతని వెంట పంది ఆకారపు డిబ్బీలనూ గీశారు. పోలీసు అధికారుల ‘లావెక్కిన ఖాతాల’ మీద కథనం అది. అక్కడ డిబ్బీని ‘చెలెంగన్’ అంటారు, ‘చెలెంగ్’ అంటే అడవిపంది. పత్రిక డిబ్బీ అంటుంది, పోలీసులకు పంది కనిపిస్తుంది. ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశంలో అది ఎంత గట్టి తిట్టో చెప్పకపోతే, ఆ ముఖచిత్రానికి అంత గొడవ ఎందుకైందో మనవాళ్లకు అంతుపట్టదు. సంచిక వచ్చిన రోజు పొద్దున్నే గుర్తుతెలియనివాళ్లు అంగళ్లలో కాపీలు గంపగుత్తగా కొనేశారు. కొద్దిరోజులకే కార్యాలయం మీద పెట్రోలు బాంబులు పడ్డాయి. 2025 మార్చిలో అదే పత్రికకు మొదట పంది తల, ఆ తర్వాత తలలు నరికిన ఆరు ఎలుకలు పార్సిల్లో వచ్చాయి. పంపినవాళ్లకూ ఈ బొమ్మల భాష బాగానే తెలుసన్నమాట.

పాత వేషంలో ఉన్న బొమ్మలతో ఇంకో చిక్కు. ‘కొంపాస్’ దినపత్రిక ఆదివారాల్లో 1979 నుంచి వచ్చిన ‘పంజి కొమింగ్’ బొమ్మల కథ పాతకాలపు జావా రాజ్యం మజపహిత్‌లో జరుగుతుంది. దానికి ‘జావా చారిత్రక కామిక్’ అని పేరు పెడితే దాన్ని గీసిన ద్వి కున్‌దొరో పడ్డ పాట్లన్నీ వృథా. సైనిక నియంత సుహార్తో కాలంలో పత్రిక నడపాలంటే లైసెన్సు ఉండాలి. అధికారి ఒక్క ఫోన్ చేస్తే వార్త ఆగిపోయేది. అందుకే ఆయన దొరల అవినీతిని ఆరొందల ఏళ్లు వెనక్కి నెట్టి గీశాడు. అలాగే బానపొట్టతో సెమార్ కనిపిస్తే ‘బలిసిన నాయకుడు’ అని రాయకండి. మన తోలుబొమ్మలాటలో బంగారక్క, కేతిగాడు ఎలాగో వాళ్ల తోలుబొమ్మలాట వయాంగ్‌లో సెమార్, పెత్రుక్ అలాగ. రాజు మొహం మీదే నిజం అనేసే హక్కు వాళ్లకుంది.

పేజీ పెట్టేవాళ్లకు మూడు మాటలు. చోటు కుదరలేదని బొమ్మను అద్దంలోలా తిప్పొద్దు. వయాంగ్‌లో బొమ్మలాడించే దలాంగ్‌కు కుడివైపు మంచివాళ్లు, ఎడమవైపు చెడ్డవాళ్లు నిలబడతారు. పైగా ఎడమచేత్తో ఇవ్వడం అక్కడా మర్యాద కాదు. బెలూన్‌లోని మాటలు చెరిపి తెలుగు కుక్కొద్దు. మన గుడులకూ ఒత్తులకూ అంత ఎత్తు దొరకదు, అక్షరాలు చీమల్లా అయిపోతాయి. మూలం అలాగే ఉంచి కింద తెలుగు ఇవ్వండి. మూడోది తేదీ. 2009 నాటి బల్లి వేరు, 2019లో చట్టం మార్చి కమిషన్ ఉద్యోగులను ప్రభుత్వ సిబ్బందిగా చేశాక వచ్చిన బల్లి వేరు. 2023 నవంబరులోనైతే కమిషన్ అధ్యక్షుణ్ణే బలవంతపు వసూళ్ల కేసులో జకర్తా పోలీసులు అనుమానితుడిగా చేర్చారు. తేదీ లేకుండా వేస్తే పొగడ్తో తెగడ్తో తేలదు.

చివరగా పేర్ల విషయం. అధ్యక్షుణ్ణి అవమానించడం నేరమన్న పాత సెక్షన్లను అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2006లో కొట్టేసింది. 2026 జనవరి 2న అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో 218వ సెక్షన్‌గా అది తిరిగొచ్చింది, మూడేళ్ల దాకా జైలు. ప్రజాప్రయోజనం కోసం చేసినదానికి మినహాయింపు ఉంది, అధ్యక్షుడు ఫిర్యాదు చేస్తేనే కేసు. అయినా గీసేవాడికి గుండెలో దడ ఉండకపోదు. అందుకే చాలాసార్లు మొహం గీయడు, వీపో టోపీయో నీడో గీస్తాడు. ఆ వీపు ఎవరిదో తెలుగులో పేరు పెట్టి రాసే పని మనం నెత్తికెత్తుకోవద్దని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు