అటక మీది బియ్యం: తమ్ముడికి మ్యూనిక్ నుంచి ఉత్తరం

మ్యూనిక్,
2025 జూలై 20, ఆదివారం.

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీర్వదించి వ్రాయునది. నేనిక్కడ క్షేమం. అమ్మ, నాన్నగారు, నాన్నమ్మ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

జర్మనీకి చదువుకోవడానికి రాబోతూ నువ్వు ఖర్చుల లెక్క వేసి, ఫొటో తీసి పంపిన నోటుబుక్కు కాగితం చూశాను. వీసా కోసం ఏడాది బతుకు ఖర్చు ముందే జమ చేసి చూపించే బ్లాక్డ్ అకౌంటుకు 11,904 యూరోలు, విమానం టిక్కెట్టు, చలికోటు, కుక్కరు, చివరికి మాగాయ సీసాకు చుట్టే ప్లాస్టిక్కు టేపుతో సహా అన్నీ రాశావు. అన్నిటికంటే అడుగున, మార్జినులో ఇరుకుగా, ‘ఎమర్జెన్సీ 50,000, ఇద్దరికీ కలిపి, చీటీ పాడాక’ అని ఉంది. ఇద్దరంటే నువ్వూ, నీతో పాటు వస్తున్న పిన్ని కూతురూ కదా. ఈ ఉత్తరం ఆ ఒక్క పంక్తి గురించే. ఫోనులో చెబితే నువ్వు ‘సరే అక్కా’ అని పెట్టేస్తావని కూర్చుని రాస్తున్నాను.

2022లో నా కాగితంలోనూ ఆ పంక్తి అడుగునే ఉండేది. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు కదా, ఆ జూలైలో ప్రవాహం 25 లక్షలు దాటింది. మన లంక పొలంలో అరటి, గెలలు దిగడానికి వచ్చే సమయానికి, వారం రోజులు నీళ్ళలో నాని కుళ్ళిపోయింది. రావులపాలెం మార్కెట్టులో గెలలు అమ్మి నా చేతి ఖర్చుకు ఇస్తానన్న డబ్బు అలా పోయింది. అప్పుడు మేము లెక్కలో మొట్టమొదట కొట్టివేసిన పద్దు అత్యవసరపు డబ్బే. విశ్వవిద్యాలయం ఫీజుకూ, వీసాకూ, టిక్కెట్టుకూ రసీదు చూపించమని అడిగేవాళ్ళున్నారు, దీనికి అడిగేవాడు ఎవడూ లేడు.

అదే వరదలో అమ్మ చేసిన పని నీకు గుర్తుండే ఉంటుంది. రెండో హెచ్చరిక వినగానే కుంచెడు బియ్యం, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, పొలం కాగితాలు గోనెసంచిలో కట్టి అటక మీదికి ఎక్కించింది. నీళ్ళు అరుగు ఎక్కకముందే కింద డబ్బాలో బియ్యం నిండుకుంటే, ఎదురింటి అత్తయ్య దగ్గర రెండు డొక్కులు బదులు తెచ్చింది గాని ఆ సంచి ముడి మాత్రం విప్పనివ్వలేదు. ఇంట్లో బియ్యం పెట్టుకుని అప్పుకు వెళ్ళడమేమిటని నేను విసుక్కున్నాను. ఇక్కడ దిగిన మొదటి రాత్రి నాకు ఆ సంచి గుర్తొచ్చింది.

ఆ రాత్రి సంగతి మీకెవరికీ పూర్తిగా చెప్పలేదు. అక్టోబరులో ఒక శుక్రవారం, రాత్రి తొమ్మిది గంటలకు హాస్టలు కౌంటరు దగ్గర నా డెబిట్ కార్డు మూడుసార్లు తిరస్కరించబడింది. ఖాతాలో డబ్బు ఉంది. అయితే రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన వల్ల కొత్త కార్డులు మన దేశంలో వాడకానికి మాత్రమే తెరిచి ఉంటాయి, విదేశంలో పని చేయాలంటే మనమే యాప్‌లో ఆ మీట నొక్కాలి. ఆ సంగతి నాకు తెలియదు. తెలిశాక నొక్కబోతే ఓటీపీ నాన్నగారి ఫోనుకు వెళ్ళింది, ఖాతా తెరిచిన రోజున ఆయన నంబరే ఇచ్చాము మరి. మన ఊళ్ళో అప్పుడు రాత్రి పన్నెండున్నర. ఆయన నిద్రలో లేచి, కళ్ళజోడు దొరక్క, ఫోనును దీపం దగ్గరకీ దూరానికీ జరుపుతూ, ‘అయిదు, రెండు, ఆ తరవాతది ఎనిమిదో మూడో అమ్మా’ అంటూ చదువుతుంటే సమయం మించిపోయింది. మూడోసారి తప్పు అంకె కొట్టేసరికి యాప్ ఇరవై నాలుగు గంటలు తాళం వేసుకుంది. నా పర్సులో నలభై యూరోలున్నాయి. కౌంటరులో ఉన్న కుర్రాడు జాలిపడి ఒక్క రాత్రికి మాత్రం ఇరవై ఎనిమిది తీసుకుని తాళంచెవి ఇచ్చాడు. మిగిలిన పన్నెండుతో శనివారం రొట్టే అరటిపండ్లూ కొని, ఆదివారం ఇక్కడ దుకాణాలు మూసి ఉంటాయి కనుక, సోమవారం ఉదయం దాకా వాటితోనే గడిపాను. మన అరటి కుళ్ళిపోయిన ఏడు నేను సముద్రాలు దాటి వచ్చిన అరటిపండ్లు లెక్కపెట్టి తిన్నాను. బయలుదేరేటప్పుడు అమ్మ చేతిలో పెట్టిన ఆరు అయిదువందల నోట్లు ఆ మూడు రోజులూ సంచిలోనే ఉన్నాయి. వాటిని మార్చి ఇచ్చేవాళ్ళు నాకు ఎక్కడా కనబడలేదు.

కాబట్టి నువ్వు మొదట అడగవలసింది ఎంత డబ్బు అని కాదు, అర్ధరాత్రి ఎవరినీ నిద్ర లేపకుండా నా చేతికి అందేది ఎంత అని. బ్లాక్డ్ అకౌంటు ఉందిగా అని ధైర్యంగా ఉన్నావు. అది నీ డబ్బే గాని, నెలకు 992 యూరోల చొప్పున, ఇక్కడి బ్యాంకులో నువ్వు తెరిచే ఖాతాలో మాత్రమే పడుతుంది. ఆ ఖాతాకు సాధారణంగా చిరునామా నమోదు కాగితం అడుగుతారు, నమోదుకు ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి, హాస్టలులోనో స్నేహితుల గదిలోనో తాత్కాలికంగా ఉన్నవాడికి ఆ పత్రం దొరకడం కష్టం. నాకు మొదటి వాయిదా చేతికి అందేసరికి అయిదు వారాలు పట్టింది. ఈలోగా గది దొరికితే అడ్వాన్సు కట్టాలి. చట్టప్రకారం అది మూడు నెలల మూల అద్దె దాకా ఉండవచ్చు. ఇది ముందే తెలిసిన ఖర్చు కనుక నీ లెక్కలో పైన, వేరే పద్దుగా రాయి. దీన్ని అత్యవసరపు డబ్బులోంచి తీస్తే ఆ డబ్బు మొదటి నెలలోనే ఖాళీ అవుతుంది. గది చూడకముందే, తాళంచెవి పోస్టులో పంపిస్తాను, అడ్వాన్సు వేయమని ఎవరైనా అడిగితే పైసా వేయకు. నాకు తెలిసిన ఒక అబ్బాయి దాచుకున్నదంతా అలాగే పోగొట్టుకున్నాడు.

మన కోనసీమలో పెరిగినవాళ్ళకు ఇంకొక భ్రమ కూడా ఉంటుంది. కువైట్ నుంచో మస్కట్ నుంచో పెదనాన్న డబ్బు వేస్తే పదిహేను నిమిషాల్లో అమలాపురంలో కౌంటరు దగ్గర నోట్లు లెక్కపెట్టుకోవడం చూశాము కదా, ఇంటి నుంచి మనకూ అలాగే వస్తుందనుకుంటాము. ఆ కౌంటరు పథకం దేశంలోకి వచ్చే డబ్బుకే, బయటికి పంపడానికి కాదు. నాన్నగారు నీకు పంపాలంటే బ్యాంకుకు వెళ్ళి, పాన్ చూపించి, విదేశానికి డబ్బు పంపేందుకు ఇచ్చే ఏ2 ఫారం నింపి, ఎందుకు పంపుతున్నారో రాసి సంతకం పెట్టాలి. నా విషయంలో మన బ్రాంచివాళ్ళు ఆ కాగితాలు కాకినాడకు పంపారు. మధ్యలో రెండో శనివారం, ఆదివారం వచ్చాయి. మొత్తం ఆరు రోజులు. ఇంటి నుంచి వచ్చే సాయం నమ్మదగినదే గాని అది రెండో వారానికి అక్కరకొచ్చేది, మొదటి రాత్రికి కాదు.

ఇక నా మాటగా ఇలా చెయ్యి. మూడు వందల యూరోలు నగదుగా తెచ్చుకో. ఒక మనిషి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాకా విదేశీ నోట్లు తీసుకెళ్ళవచ్చు గాని అంత మోయడం తెలివితక్కువ. అయిదులు, పదులు, ఇరవైలు, ఒకటో రెండో యాభైలు ఉండాలి. నోట్లు మార్చేవాడు వందలూ రెండువందలూ అంటగట్టబోతాడు, ఇక్కడ చిన్న దుకాణాల్లో వాటిని తీసుకోరు, కొన్ని చోట్ల కార్డూ తీసుకోరు. ఏడు వందలు ఫారెక్స్ కార్డులో, అంటే ముందే యూరోలు నింపి తెచ్చుకునే కార్డులో వేసి, రోజువారీ ఖర్చుకు దాన్ని అసలు బయటికి తీయకు. అదనంగా రెండో కార్డు ఇస్తారేమో అడిగి తీసుకుని వేరే పెట్టెలో పెట్టు. ఏటీఎం రూపాయల్లో లెక్కకట్టి చూపిస్తానని మర్యాదగా అడిగినప్పుడు వద్దని చెప్పి యూరోల్లోనే తీసుకో, ఆ మర్యాదకు రేటులో కోత ఉంటుంది. మూడోది, నీ ఒక్కడి పేరున ఉన్న ఖాతాలో లక్ష రూపాయలు. దాని కార్డును ఊళ్ళో ఉండగానే విదేశీ వాడకానికి తెరిచి, ఫోను నంబరును నీదిగా మార్పించి, ఆ సిమ్ రోమింగులో సందేశాలు అందుకుంటుందో లేదో కనుక్కుని మరీ బయలుదేరు. నాన్నగారిని రాత్రిపూట అంకెలు చదివించే పని మళ్ళీ పెట్టకు.

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న ఉంది. చీటీ మీద పెట్టుకోకు. పాట ఎవరికి పోతుందో, ఎంత తోసి పాడాలో సెప్టెంబరు దాకా తెలియదు. అమ్మ గాజులు తాకట్టు పెడదామని అంటోందట, వద్దని నా మాటగా చెప్పు. వాడకుండా ఉంచవలసిన డబ్బుకు నెలనెలా వడ్డీ కట్టడం అర్థంలేని పని. గాజులు బీరువాలో ఉంటే నిజంగా అవసరం పడ్డ రోజున ఒక పూటలో డబ్బవుతాయి, అవి అక్కడ ఉండడమే మంచిది. రాబోయే రెండు కొబ్బరి దింపుల డబ్బు నీ పేరున వేయమని నేనే నాన్నగారితో మాట్లాడతాను. మిగిలింది నేను సర్దుతాను. ఇంకొక చిన్న సంగతి, బ్లాక్డ్ అకౌంటుకు అప్పు తీసుకోకుండా సొంత డబ్బు పంపితే, ఏడాదిలో పది లక్షలు దాటినదాని మీద బ్యాంకు కొంత పన్ను ముందే పట్టుకుంటుంది. రిటర్ను వేస్తే లెక్కలోకి వస్తుంది గాని అప్పటిదాకా ఆ సొమ్ము చేతిలో ఉండదు, అది అత్యవసరపు డబ్బులోంచే పోతుంది చూసుకో.

‘ఇద్దరికీ కలిపి’ అన్నది మాత్రం కొట్టివేయి. పిన్ని నమ్మకంతో చెల్లిని నీతో పంపుతోంది, నువ్వు దాన్ని కనిపెట్టుకుని ఉంటావని నాకూ తెలుసు. కానీ ఫ్రాంక్‌ఫర్టులో దిగాక నువ్వు పడమటి చివర ఆఖెన్‌కు, అది తూర్పున డ్రెస్డెన్‌కు వెళ్తారు. నీ పేరున ఉన్న కార్డు దాని జ్వరానికి ఏ విధంగా పనికొస్తుంది? ఆడపిల్ల చేతిలో అంత డబ్బెందుకని పాలకొల్లులో ఎవరైనా అంటే, అందుకే ఉండాలని చెప్పు. దాని వంతు దాని పేరునే ఉండాలి, ఖర్చు పెట్టాక నీకో మరొకరికో సంజాయిషీ ఇవ్వవలసిన పని ఉండకూడదు.

ఏది అత్యవసరమని అడుగుతావేమో. ఫోను పగలడం కాదు, పండగకు స్నేహితులంతా ప్రాగ్ వెళ్ళడం అసలే కాదు. జబ్బు, ఉన్నపళంగా గది పోవడం, పాస్‌పోర్టు పోవడం. పాస్‌పోర్టు పోతే పోలీసు ఫిర్యాదు కాగితంతో మన కాన్సులేటుకు వెళ్ళాలి, రైలు ఖర్చూ రుసుమూ చేతిలో ఉండాలి. కష్టంలో ఉన్నవాళ్ళ కోసం మన ప్రభుత్వం 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఒకటి ఉంది, కానీ అది ఏ ఆధారమూ లేనివారి స్థితి చూసి ఇచ్చేది, మనం దాన్ని లెక్కలో వేసుకోకూడదు. ఇక తాతయ్య పోయిన కబురు వచ్చిన రోజు. టిక్కెట్టు రానుపోను లక్షకు పైనే అయింది. నేను ఎవరినీ అడగకుండా అదే గంటలో కొన్నాను. ముఖం చూడలేకపోయాను గాని పెద్దకర్మకు ఇంట్లో ఉన్నాను. తిరిగి వచ్చాక ఆ గుంట పూడ్చడానికి ఎనిమిది నెలలు పట్టింది.

నాన్నగారికి నీ పాస్‌పోర్టు, వీసా నకళ్ళు ఇచ్చి రా. ఏ2 ఫారం ఒకటి ముందే తెచ్చి, నా పాత కాగితం చూసి, పెన్సిలుతో నింపి ఆయన డైరీలో పెట్టు. కళ్ళజోడు ఇంకొకటి చేయించు, డబ్బు నేను పంపుతాను.

అమ్మ ఇచ్చిన ఆరు నోట్లలో రెండు ఆ పెద్దకర్మకు వచ్చినప్పుడు మధురపూడి విమానాశ్రయం నుంచి టాక్సీకి పనికొచ్చాయి. మిగిలిన నాలుగూ నా సొరుగులో ఉన్నాయి. డిసెంబరు సెలవుల్లో నువ్వు మ్యూనిక్ వచ్చినప్పుడు నీకిస్తాను. నువ్వు మొదటిసారి ఇంటికి వెళ్ళేటప్పుడు దారి ఖర్చుకు ఉంటాయి.

ఇట్లు,
మీ అక్క.