ఆర్ఎంఎల్ఈ అంటే ఏందో తెలిసిందే పిల్లా

దేవరకొండ దగ్గర, అమ్మగారింట్లో
ఆదివారం, పాప పడుకున్న వేళ

ఏమే తాటిముంజా,

ముందు తిట్టేసుకో, తరవాత చదువు. పాప పుట్టి ఇవాళ్టికి యాభై రెండు రోజులు. నువ్వు ఎన్నిసార్లు ఫోన్ చేశావో నాకు లెక్క ఉంది. "బాగున్ననే, మళ్ళ చేస్త" అని నేను ఎన్నిసార్లు పెట్టేశానో కూడా ఉంది. ఏం చేయమంటావు? బాలింత గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరు. అమ్మ, చిన్నమ్మ, పాపకు నీళ్ళు పోసే అవ్వ, ఊరికే చూసిపోదామని వచ్చి సాయంత్రం దాకా కూర్చునేవాళ్ళు. వాళ్ళందరి ముందు ఈ ముచ్చట నీకు ఎట్లా చెప్పను? వాయిస్ మెసేజ్ పెడదామంటే ఆ టైముకు నీ ఫోన్ మీ ఆయన చేతిలో ఉంటే? అందుకే కాగితం. హాస్టల్ వదిలాక ఇంత రాయడం ఇదే మొదలు, ఇప్పటికే వేళ్ళు లాగుతున్నాయి.

మిగతావన్నీ గబగబా చెప్తా. పాప పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందలు, ఇప్పుడు నాలుగు దాటింది. ముక్కు మా అత్తమ్మదట, అత్తమ్మే చెప్పింది. 21వ రోజు తొట్టెలలో వేశారు, పెట్టిన పేరు ఎవరికీ నచ్చలేదు, ఇంకా కొట్లాట నడుస్తోంది. ఆయన శనివారం వచ్చి ఆదివారం పోతాడు. తమ్ముడు బండి కొన్నాడు. వానలు లేవు. అయిపోయింది.

ఇక అసలు సంగతి. నన్ను కోశారే. ఒక్క మాట అడగకుండా.

సిజేరియన్ కాదు. నార్మలే. ఆ నార్మల్‌లోనే.

రాత్రి పదింటికి నొప్పులు మొదలైతే తెల్లవారుజామున నాలుగింటికి ఆస్పత్రికి చేరాం. ఏ ఆస్పత్రో రాయను, నీకు తెలుసు, ఆ గేటు ముందర బండి మీదే కదా నువ్వు పదకొండు మిర్చి బజ్జీలు తిని తరవాత తొమ్మిదే అని ఒట్టేసింది. లోపలికి తీసుకుపోయి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకి కట్టారు. పక్కకు తిరుగుతానంటే వద్దన్నారు. అమ్మను బయటే ఆపేశారు. "ముక్కమ్మా, గొంతుతోని కాదు, కిందికి ముక్కు" అని ఒకామె అరుస్తూనే ఉంది. చాలాసేపటికి "తల కనబడుతుంది" అన్నారు. ఆ మాటకు నాకు ఎక్కడ లేని బలం వచ్చింది తెలుసా. ఇంకో రెండు నొప్పులు వస్తే అయిపోతుంది అనుకున్నా. అప్పుడే కింద ఏదో సూది గుచ్చారు, అది ఎందుకో చెప్పలేదు. అది మొద్దుబారే లోపలే కత్తెర చప్పుడు.

జాకెట్లు కుట్టి బతికేదాన్ని, కత్తెర చప్పుడు నాకు తెలియదా? వాయిల్ కోస్తే ఒక చప్పుడు, పాప్లిన్ కోస్తే ఒకటి. ఇది మందం గుడ్డను మడత మీద కోసినట్టు వినబడింది. నొప్పి కన్నా ముందు ఆ చప్పుడే నాలో మిగిలిపోయింది. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా కత్తెర తీస్తే పొట్టలో తిప్పుతుంది. మిషన్ మీద గుడ్డ కప్పి పెట్టాను. దసరా జాకెట్లు ఎట్లా కుడతానో ఏమో, అది తరవాత సంగతి.

పాప పుట్టేసింది. ఏడ్చింది. ఆ నిమిషం గురించి రాయను, రెండు నెలల్లో నువ్వే చూస్తావు.

తరవాత కుట్లు. డాక్టరమ్మ ఒకవైపు, నర్సు ఒకవైపు, నా మోకాళ్ళ మీదుగా వాళ్ళు చిట్టీ గురించి మాట్లాడుకుంటున్నారు. ఈ నెల ఎవరు ఎత్తుకున్నరు, ఎంత పాటకు పోయింది, పోయిన నెల ఆమె కట్టలేదు. అటు దారం లాగుతున్నారు, ఇటు పాట పాడుతున్నారు. నేను దారం లాగుడు లెక్కపెట్టా. ఒకటి, రెండు... ఏడు దాకా వచ్చాక పాప మళ్ళీ ఏడ్చింది, లెక్క తప్పింది. "మేడం, నొప్పి తెలుస్తుంది" అన్నాను. "బిడ్డనే కన్నవు, ఇదెంత?" అన్నారు. "ఎన్ని కుట్లు పడ్డాయి మేడం?" అన్నాను. "అవన్నీ నీకెందుకమ్మా, కరిగిపోయే దారమే" అన్నారు.

నాకెందుకట!

నేను ఊరి టైలర్‌ని. చీటీ గుడ్డ తెచ్చినా సరే, కత్తెర పెట్టే ముందు మెడ ఎంత లోతు పెట్టాలె, వెనక ఎంత దించాలె అని రెండుసార్లు అడుగుతా. కోశాక అతకదు కదా. అడగకుండా కోస్తే ఆమె నా మొహాన జాకెట్ కొట్టి పోదా?

స్ట్రెచర్ మీద బయటికి తెస్తుంటే ఆయా వంగి చెవిలో, "మంచిగ టైట్‌గ కుట్టిండ్రు తియ్, మీ ఆయన నాకు చీరె పెట్టాలె" అన్నది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వానే. అదే నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం. ఎందుకు నవ్వాను? ఇంటికొచ్చిన మూడో రోజు రాత్రి ఆ మాట గుర్తొచ్చి ఒక్కదాన్నే లేచి కూర్చున్నాను. కూర్చోలేకపోయాను, అది వేరే.

అవును, కూర్చునే సంగతి. నీకు పానగల్‌లో ఛాయా సోమేశ్వరం గుర్తుందా? లింగం మీద పొద్దంతా నీడ పడుతుంది, అది ఏ స్తంభందో కనిపెడతానని నువ్వు గంటసేపు ఒక్కో స్తంభం చుట్టూ తిరిగి చివరికి నా నీడే అన్నావు చూడు. కుట్ల నొప్పి అచ్చం అదేనే. కుట్టు ఒకచోట, నొప్పి ఇంకోచోట, ఎక్కడి నుంచి పడుతుందో పట్టుకోలేం. కుడివైపు ఒరిగితే ఎడమ పిక్కలో. దగ్గితే నడుములో. ఒంటికి పోతే మంట, అందుకని చెంబుతో గోరువెచ్చని నీళ్ళు పోసుకుంటూ పోవాలి. ఇది మా చిన్నమ్మ చెప్పిన చిట్కా, డాక్టర్లు చెప్పలేదు. రెండోదానికి పోవాలంటే నాలుగు రోజులు భయపడ్డాను, కుట్లు ఊడిపోతాయేమోనని. సిరప్ ఇచ్చారు. ఆ నాలుగో రోజు బాత్రూమ్‌లో నేను మొక్కని దేవుడు లేడు. మన లతీఫ్ సాబ్ గుట్టకు కూడా మొక్కాను, ఎక్కుతానని. నువ్వు తోడు రావాలి.

ఎవరికన్నా చెప్పుకుందామంటే ఒకటే మాట: "నార్మల్ అయింది కదనే, అదృష్టవంతురాలివి." మా వాడలో ముగ్గురం బాలింతలం, మిగతా ఇద్దరికీ పెద్దాపరేషన్. ఆ ఎదురింటి పిల్ల మంచం దిగడానికే ఏడుస్తుంటే నేను నా కుట్ల గురించి ఏం మాట్లాడను? నోరు మూసుకున్నాను. నిజంగానే అదృష్టమేనేమో కూడా. అదృష్టమైతే నొప్పి ఉండకూడదా మరి... సరే వదిలెయ్.

నాన్న సంగతి చెప్తా, నవ్వుకో. మెడికల్ షాపులో గుండ్రటి గాలి దిండు ఉంటుందట, మధ్యలో బొక్క, దాని మీద కూర్చుంటే కుట్ల మీద బరువు పడదు. తమ్ముడు ధర కనుక్కొని వచ్చి చెప్పాడు. నాన్న వరండాలో చుట్ట కాలుస్తూ అంతా విన్నాడు, ఏమీ అనలేదు. నీకు తెలుసుగా మా నాన్న, నేను పెద్దమనిషి అయినప్పుడు నెల రోజులు నా వైపు చూడకుండా గోడతో మాట్లాడిన మనిషి. సాయంత్రం టీవీఎస్ వేసుకొని పోయాడు. చీకటి పడ్డాక ఒక సంచి తెచ్చి గడప దగ్గర పెట్టి, అమ్మతో, "గది... కూసునేదానికి" అన్నాడు. విప్పి చూస్తే ట్యూబు. చిన్నపిల్లల సైకిల్ ట్యూబు! పంక్చర్ దుకాణంలో రెండు మూడు సైజులు చూసి, ఇంత వెడల్పు చాలని ఏరుకొని, సగం గాలి కొట్టించి తెచ్చాడు. రెండు చోట్ల ప్యాచ్ ఉంది. అమ్మ దాని చుట్టూ తన పాత నూలు చీర చింపి చుట్టింది. మొదటిసారి కూర్చుంటే గాలి కొట్టే పిన్ను తొడకు గుచ్చుకొని కెవ్వుమన్నాను. బయట నాన్న చుట్ట పడేసి లేచిన చప్పుడు వినబడింది. లోపలికి రాలేదు, "పిన్ను బయటి దిక్కు పెట్టుమను" అని గోడతో చెప్పాడు.

తొట్టెల రోజు పీట మీద కూర్చోవాలి కదా. పీట మీద ట్యూబు, ట్యూబు మీద పట్టుచీరలో నేను. కొంచెం కదిలితే కీచుమంటోంది. పంతులు మంత్రం ఆపి రెండుసార్లు పాప వైపు చూశాడు.

ఇప్పుడు మొన్న బుధవారం. ఇది చెప్పడానికే ఇదంతా.

ఆరు వారాల టీకాకు పాపను తీసుకుపోయాం. ఆలస్యమైంది, తిట్టారు. అక్కడ ఒక సిస్టరమ్మ, మన వయసే ఉంటుంది, పాప కాగితాలు చూస్తూ నా డిశ్చార్జి కాగితం కూడా తిప్పి చూసి, "కుట్లు మానినాయా అక్కా?" అంది. నేను చెప్పనే లేదే, ఎట్లా తెలిసిందీమెకు అనుకున్నా. కాగితం మీద వేలు పెట్టి చూపించింది. ఆర్ఎంఎల్ఈ. నేను ఆ కాగితం ఇరవై సార్లు చూశాను పిల్లా! అదేదో మందు పేరనుకున్నా, లేకపోతే డాక్టరమ్మ పేరు పక్కన చదువు అనుకున్నా. ఆర్ అంటే రైట్, కుడివైపు. ఎం ఎల్ అంటే మధ్య నుంచి పక్కకు వాలుగా. ఈ అంటే ఎపిసియాటమీ, అంటే కాన్పు దారి దగ్గర పెట్టే కోత. నా ఒంటి మీద ఏం చేశారో నాలుగక్షరాల్లో రాసి నా చేతికే ఇచ్చారు, నాకు తప్ప అందరికీ అర్థమయ్యేట్టు.

ఆమె కరీంనగర్‌లో మిడ్‌వైఫ్ శిక్షణ, అంటే కాన్పులు చేసే నర్సు చదువు, చేసి వచ్చిందట, ఏడాదిన్నర చదువు, మన రాష్ట్రంలో 2017లో అక్కడే మొదలైందట. టీకాల రద్దీ తగ్గాక నన్ను బెంచీ మీద కూర్చోబెట్టుకొని చెప్పింది. (బెంచీ మీద ఒక పక్కగా కూర్చున్నాను, ట్యూబు ఇంట్లోనే ఉంది.) కోయకపోయినా కొందరికి దానంతటదే చీలుతుందట. చర్మం వరకే అయితే ఒకటో డిగ్రీ. కండ దాకా పోతే రెండో డిగ్రీ. వెనక మలద్వారం బిగించే కండ దాకా పోతే మూడు, దాని లోపలి పొర కూడా తెగితే నాలుగు. వాళ్ళు పెట్టే కోత రెండో డిగ్రీ చీలికతో సమానమట. చూశావా, పీజీ సీటు రాలేదని హాస్టల్ మెట్ల మీద ఏడ్చానే, రెండో డిగ్రీ ఇట్లా పూర్తయింది.

కోస్తే పెద్ద చీలిక తప్పుతుందని పూర్వం అందరికీ కోసేవాళ్ళట. అలవాటుగా కోసినంత మాత్రాన అది తప్పదని తరవాత తేలింది. మామూలు కాన్పులో అలవాటు కొద్దీ కోయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018లో చెప్పిందట. కోసినా ముందు చెప్పాలి, సరే అనిపించుకోవాలి, మత్తు సరిగ్గా ఎక్కనివ్వాలి. "మరి నాకెందుకు కోసిండ్రు?" అని అడిగాను. ఆమె చాలా జాగ్రత్తగా మాట్లాడింది. "నేను అక్కడ లేను అక్కా. బిడ్డ గుండె చప్పుడు పడిపోతుంటే, తల పట్టి లాగే ఫోర్సెప్స్ లాంటివి వేయాల్సి వస్తే కోత కావాలి, అప్పుడు అది మంచికే. మీ కాగితంలో కారణం మాత్రం రాయలేదు" అంది. అంతే. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు. కారణం ఉందని తెలిస్తే ఏడ్చేదాన్ని కాదేమో.

కుట్లు ఎన్ని అని కూడా అడిగాను. నవ్వింది. మూడు పొరలు కుడతారట, లోపలి పొర, కండ, పైన చర్మం, చాలాసార్లు తెంపకుండా ఒకే దారంతో, కాబట్టి ఇన్ని అని లెక్క ఉండదు. లైనింగ్ జాకెట్ అన్నమాట! ఈ ఒక్క ముక్క ఆ డాక్టరమ్మ నాకు ఆ రోజు చెప్పి ఉంటే, అర నిమిషం పట్టేది. చిట్టీ పాటకు పట్టినంత కూడా పట్టదు.

మన తెలంగాణలో 2019-21 సర్వే లెక్క ప్రకారం వందలో అరవై కాన్పులు ఆపరేషన్లే అని కూడా ఆమే చెప్పింది. అందుకేనే నన్ను అందరూ అదృష్టవంతురాలు అనేది.

నిన్న రాత్రి ఆయన్ను అడిగాను, "నాకు కోస్తరని నీకు చెప్పిండ్రా?" అని. "ఏవో కాగితాలు ఇచ్చిండ్రు, సంతకం పెట్టిన" అన్నాడు. చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకున్నాడు. తరవాత "నొప్పి ఇంకా ఉందా?" అన్నాడు. యాభై రోజులకు అడిగాడు. తిట్టాలా, ఏడవాలా తెలియక "కొంచెం" అన్నాను. ఇంకా చెప్పాల్సింది ఉంది గానీ అది ఉత్తరంలో రాయలేను, మీ ఆయన చదివినా చదువుతాడు. చదువుతున్నారా బావా? అయితే మంచిదే, ఇక్కడి నుంచి మీరే చదవండి.

నీకు ఏడో నెల. నిన్ను భయపెడుతున్నానా అని నాలుగు రోజులు ఆలోచించాను. తెలియకుండా పడుకునేదానికన్నా తెలిసి పడుకో. ఈసారి చెకప్‌కు పోయినప్పుడు "మీరు అందరికీ కోత పెడతారా, అవసరమైతేనేనా, పెడితే ముందు చెప్తారా?" అని అడుగు. మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. తల వచ్చేటప్పుడు వేడినీళ్ళలో పిండిన గుడ్డ అద్ది ఆనిస్తే పెద్ద చీలికలు తగ్గుతాయని సిస్టరమ్మ చెప్పింది, అది చేస్తారేమో కనుక్కో. ముప్పై అయిదో వారం దగ్గర నుంచి నూనెతో అక్కడ మర్దన కూడా ఉందట, మొదటి కాన్పువాళ్ళకు పనికొస్తుందట, నీ డాక్టర్‌ని అడిగే చెయ్యి. నువ్వు సిగ్గుపడతావని తెలుసు, పదకొండు బజ్జీలు తిన్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకే.

ఇంకా ఆ ఎదురింటి పిల్ల సంగతి చెప్పాలి, ఆమె నిన్న పొద్దున వచ్చి తలుపేసి నాతో ఏమన్నదంటే... అయ్యో, పాప లేచింది. తమ్ముడు కూడా బండి తీశాడు, వాడే పట్నంలో పోస్టు డబ్బాలో వేయాలి, హారన్ కొడుతున్నాడు వెధవ. ట్యూబు నీ కోసం దాచిపెడుతున్నా, నాన్న నిన్న గాలి చూసి మూడో ప్యాచ్ వేయించాడు. పిన్ను బయటి దిక్కు

నీ గడియారం
(క్లాక్ టవర్ కింద ఎప్పుడూ గంట లేటే)