మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పడవ లేదు, మన ప్లాన్ ఇలా మారింది

అందరికీ నమస్కారం. ఓర్లాండో ట్రిప్పులు మా దగ్గర ప్లాన్ చేయించుకునేవాళ్లు, ముఖ్యంగా ఊరి నుంచి అమ్మానాన్నలని తీసుకొస్తున్నవాళ్లు, అడుగుతున్నది ఒకటే: అక్కడి డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఆ పెద్ద పడవ ఇంకా ఉందా? లేదండీ. 2025 జూలై 6 దానికి ఆఖరి రోజు. లిబర్టీ బెల్ పడవ, అది తిరిగే రివర్స్ ఆఫ్ అమెరికా అనే నది, మధ్యలో టామ్ సాయర్ దీవి, అన్నీ మూసేశారు. 1971లో పార్కుతో పాటే వచ్చిన నదిని తీసేసి, ఆ చోట కార్స్ అనే యానిమేషన్ సినిమాలోని బండ్లతో కొత్త ఏరియా కడుతున్నారు. రెండు రైడ్లు వస్తాయి, ఒకటి కొండదారిలో ర్యాలీ, ఇంకొకటి చిన్నపిల్లలకి.

దీని మీద మన కస్టమర్లలోనే రెండు వర్గాలు. మా బుడ్డోడికి కార్స్ అంటే ప్రాణం, పడవలో పది నిమిషాలకే విసిగించేవాడు, మంచిపనే చేశారు అని కొందరు. వాళ్ల మాట కొట్టిపారేయను. కాలిఫోర్నియా డిస్నీ పార్కులో 2012లో ఇదే సినిమాతో కట్టిన ఏరియా ఎంత బాగుంటుందో చూసినవాళ్లకి తెలుసు. కానీ నేను రెండో వర్గమే. డిస్నీ విలన్లతో రాబోయే విలన్స్ ల్యాండ్‌కి బిగ్ థండర్ రోలర్ కోస్టర్ కొండ అవతల చోటు దొరికినప్పుడు కార్స్‌కి మాత్రం నదే ఎందుకు పోవాలి? దెయ్యాల బంగళా రైడ్ హాంటెడ్ మాన్షన్ ఆ నది ఒడ్డున ఉంది కాబట్టే అంత అందం. చెట్లు అడ్డం పెట్టి కొత్త ఏరియా చప్పుడు ఇటు రాకుండా చూస్తామంటున్నారు, మంచిదే, కానీ నీళ్లున్న చోట చెట్లు పెడితే ఆ గాలి రాదు కదా.

నా బాధ ఇంకోటి కూడా. మండుటెండలో లైన్లలో నిలబడి అలసిపోయిన పెద్దవాళ్లని ఆ పడవలో కూర్చోబెడితే, నిజమైన ఆవిరితో తిరిగే ఎర్ర చక్రం నీళ్లు చిమ్ముతుంటే చూస్తూ, ఎవరూ తొందరపెట్టకుండా ఒక చుట్టు తిరిగొచ్చేవాళ్లు. మనవళ్లు ఈలోపు దీవిలో గుహల్లో, పీపాల వంతెన మీద గెంతేవాళ్లు. ఇలా అందరికీ ఒకేసారి కుదిరే చోటు ఆ పార్కులో ఇంకోటి నాకు కనిపించడం లేదు.

అందుకని పెద్దవాళ్లు వచ్చే ప్లాన్ మార్చాం. పొద్దున మోనోరైల్ బదులు ఫెర్రీలో తీసుకెళ్తాం. పార్కు ముందున్న సెవెన్ సీస్ లగూన్ చెరువు మీద అది ఉచితం, వీల్‌చైర్ నేరుగా కింది అంతస్తులోకి ఎక్కుతుంది. మధ్యాహ్నం పాటలు పాడే ఎలుగుబంటి బొమ్మల కంట్రీ బేర్ షో, ఏసీలో కూర్చోవచ్చు. పైన నెమ్మదిగా తిరిగే బండ్ల రైడ్ పీపుల్ మూవర్ బాగుంటుందని చాలామంది చెబుతారు గానీ కదిలే ర్యాంప్ మీద పైకెళ్లి, కదులుతున్న బండి ఎక్కాలి, అందుకే మోకాళ్ల నొప్పులుంటే అది వేయట్లేదు. పడవే కావాలంటే కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో మార్క్ ట్వెయిన్ అనే ఇలాంటి పడవ ఉంది, 1955 నుంచీ తిరుగుతోంది, అటువైపు చుట్టాలుంటే ఆ ప్లాన్ కూడా చేసిస్తాం.

పడవ ఉందనుకుని ముందే బుక్ చేసుకున్నవాళ్లు తేదీలు మార్చుకోవచ్చు, వద్దనుకుంటే మా ప్లానింగ్ ఫీజు మొత్తం వెనక్కిస్తాం. పార్కు టికెట్ల డబ్బులు మాత్రం మా చేతిలో లేవు. మెసేజ్ పెట్టేటప్పుడు పెద్దవాళ్లు ఎంతసేపు నడవగలరో కూడా రాయండి.