మిల్క్‌వీడ్ మడులు: ఈ ఏడాది పనుల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మీరు ఎక్కువగా అడిగింది మోనార్క్ సీతాకోకచిలుకల కోసం పెంచే మిల్క్‌వీడ్ మొక్కల మడుల గురించే కాబట్టి ముందు అదే చెప్తాం.

నిరుడు వసంతంలో విత్తనాలు చల్లితే దాదాపు ఏమీ మొలవలేదు. తప్పు మాదే. అమెరికాలో సహజంగా పెరిగే ఈ జాతుల విత్తనాలకు చలి తగిలితేనే మొలక వస్తుంది, అందుకే తడి పేపర్ టవల్‌లో చుట్టి నెల రోజులకు తగ్గకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదంటే చలికాలం ముందే చల్లి మంచుకు వదిలేయాలి. పోయిన శరదృతువులో అలా వదిలేశాం, ఈసారి మడులు నిండాయి. నీళ్లు నిలిచే మూలలో స్వాంప్ మిల్క్‌వీడ్, ఎండ బాగా తగిలే పొడి నేలలో బటర్‌ఫ్లై వీడ్ (ఇదీ మిల్క్‌వీడ్ రకమే) వేశాం. కామన్ మిల్క్‌వీడ్ వేళ్లతో పాకిపోతుంది కాబట్టి దాన్ని కంచె పక్కనే ఉంచాం. మొదటి ఏడాది కదా, పూలు పెద్దగా లేవు.

జులైలో "ఆకులన్నీ పురుగులు తినేస్తున్నాయి, మందు కొట్టండి" అని చాలా మెసేజ్‌లు వచ్చాయి. దయచేసి కొట్టకండి. ఆ చారల గొంగళిపురుగులు మోనార్క్ సీతాకోకచిలుక పిల్లలు, వాటికి మిల్క్‌వీడ్ ఆకు తప్ప వేరే తిండి లేదు. మన జిల్లేడుకు ఇది దగ్గర చుట్టం, తుంచితే అలాగే పాలు కారతాయి. ఆ పాలలోని విషమే పురుగు ఒంట్లో చేరి పక్షుల నుంచి దాన్ని కాపాడుతుంది. తినేసిన ఆకులు మళ్లీ వస్తాయి. 2024 డిసెంబరులో అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ మోనార్క్‌ను ముప్పున్న జీవుల జాబితాలో చేర్చాలని ప్రతిపాదించింది, అంటే మన మడిలో చిల్లులు పడ్డ ప్రతి ఆకూ మనం సంతోషపడాల్సిన విషయమే. పసుపు రంగు పేనుబంక పడితే మాత్రం, మోనార్క్ గుడ్లు లేవని చూసుకుని, నీళ్ల జెట్‌తో కడిగేస్తే చాలు.

కొందరు ప్రేమగా ఎరుపు, పసుపు పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్ తెచ్చిచ్చారు. దాన్ని నాటలేదు, ఏమీ అనుకోవద్దు. వెచ్చటి చోట్ల అది చలికాలంలోనూ ఎండిపోదు, దాంతో మోనార్క్‌లను పీడించే ఓఈ అనే పరాన్నజీవి ఆకుల మీద పేరుకుపోతుంది.

వచ్చే ఏడాది గోల్డెన్‌రాడ్, ఆస్టర్ పూల మొక్కలు కూడా వేద్దాం. శరదృతువులో మెక్సికో దాకా ఎగిరే తరానికీ, అప్పుడు తిరిగే తేనెటీగలకీ ఆ తేనె కావాలి. కలుపు తీయడానికి మనుషులు చాలడం లేదు, వారానికో గంట రాగలిగినవాళ్లు పేరివ్వండి. పిల్లల్ని తీసుకురండి, కానీ మిల్క్‌వీడ్ పాలు అంటిన చేతులు కళ్లకు తగలకుండా వెంటనే సబ్బుతో కడిగించండి.