రోకలి నీడ మాయమైన మధ్యాహ్నం

చెన్నై,
మే 20

చిరంజీవి చిన్నోడికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. ఫోన్‌లో అన్నీ హడావుడిగా అయిపోతున్నాయని ఈసారి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

రోహిణి కార్తె ఇంకా రానే లేదు, కత్తిరి ఎండలు అప్పుడే దంచేస్తున్నాయి. సముద్రపు గాలి మధ్యాహ్నానికల్లా తిరిగితే కాస్త ఊపిరాడుతుంది. పడమటి గాలి గట్టిగా వీచిన రోజున అది ఊళ్లోకి రావడానికి సాయంత్రమవుతుంది. ఆ రోజుల్లో నాన్నగారిని పదకొండు దాటాక గడప దాటనివ్వను. 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది కదా, అలాంటి ఎండ మళ్ళీ చూడాలని లేదు.

అక్క పిల్లలు సెలవులు ఇవ్వగానే బెంగళూరు నుంచి దిగారు. ఈసారి పెద్దది ఒక వింత వార్త మోసుకొచ్చింది. ఏప్రిల్ 24న మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు కాబట్టి నిలువుగా ఉన్న దేనికీ నీడ ఉండదట. వాళ్ళ ఊరూ మన ఊరూ ఇంచుమించు 13 డిగ్రీల అక్షాంశం మీదే ఉన్నాయి కాబట్టి రెండు చోట్లా ఒకే రోజట. నేను ముందు నమ్మలేదు. ఇన్నేళ్లుగా ఈ మేడ మీద వడియాలు పెడుతున్నాను, ఎప్పుడూ గమనించలేదే అనిపించింది.

నిటారుగా నిలిచేది ఏముందా అని వెతికి నానమ్మ రోకలి పైకి పట్టుకెళ్లాం. అది చూసి నానమ్మ, ‘ఇవాళ గ్రహణమేమీ లేదే, రోకలి నిలబెడతారేమిటే?’ అంది. పన్నెండు కొట్టేసరికి పొన్ను పక్కన బొటనవేలంత నీడ ఉంది. చిన్నవాడు సుద్దముక్కతో దాని చివర గీత గీస్తే, రెండో గీత గీసే లోపే అది ఇంకా లోపలికి జరిగిపోయింది. 12 గంటల 7 నిమిషాల ప్రాంతంలో ఇనప పొన్ను చుట్టూ తెల్లటి ఎండే తప్ప ఏమీ లేదు. పిల్లల నీడలు వాళ్ల పాదాల కింద ముద్దగా ఉన్నాయి. అరికాళ్లు కాలుతున్నా ఎవ్వరం కదల్లేదు. కాసేపటికి రెండో పక్క నుంచి సన్నగా మొదలైంది. నాకు ఒళ్ళు జలదరించింది, చిన్నోడా.

ఆ రోజుల్లో సూర్యుడు నడినెత్తికి వచ్చే చోటు రోజుకు 30, 35 కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతుందట. పిల్ల మ్యాపు ముందేసుకుని లెక్క కట్టింది: ఏప్రిల్ 29కి నెల్లూరు, మే 5కి గుంటూరు. ఎలాగూ ఆవకాయకి మామయ్య ఇంటికి వెళ్ళాలిగా, ఆ తేదీకి అందేలా జనశతాబ్దిలో టికెట్లు తీసుకున్నాం. సూళ్లూరుపేట, నెల్లూరు, ఒంగోలు, చీరాల, ఒక్కో స్టేషన్ దాటినప్పుడల్లా ‘ఇక్కడికి సూర్యుడు వచ్చి వెళ్ళిపోయాడు’ అని పిల్లలు కేకలు. తెనాలిలో దిగి గుంటూరు చేరాం. మే 5న మామయ్య వాకిట్లో అత్తయ్య రోకలి నిలబెట్టాం. మబ్బు కాస్త అడ్డొచ్చినా నీడ మాయమవడం కళ్ళారా చూశాం.

ఆ సాయంత్రం మామయ్య చెప్పిన సంగతి ఇంకా గొప్పది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్ని చూడ్డానికి గుంటూరే వచ్చాడట. మన మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త బందరు వెళ్ళాడు. ఆ గ్రహణం నాడు సూర్యుడి అంచు కాంతిని రంగులుగా విడదీసి చూసినప్పుడు కనిపించిన ఒక పసుపు గీతతోనే హీలియం కథ మొదలైంది. నేను పుట్టి పెరిగిన ఊరు! బడిలో హీలియం గురించి చదువుకున్నాను గానీ గుంటూరు మాట ఏ టీచరూ చెప్పలేదు. పిల్లలకి ఇలాంటివి చెప్పకపోతే ఎలా? ఆ పాత వేధశాల రాతి స్తంభం నుంగంబాక్కం వాతావరణ కేంద్రం ఆవరణలో ఇప్పటికీ ఉంది. దాని మీద తెలుగులో కూడా చెక్కించారట. ఎన్నిసార్లు ఆ దారిన బస్సులో వెళ్ళుంటామో.

ఆవకాయ కుదిరింది. చిన్నరసాలు మామయ్యే దగ్గరుండి టెంకతో సహా కొట్టించాడు. కారం, ఆవపిండి అత్తయ్య పాళ్ళు, పప్పునూనె మాత్రం నాన్నగారి పట్టుమీద ఇంకాస్త ఎక్కువ పోశాం. నీ జాడీ విడిగా పెట్టాను. కొరియర్‌లో పంపితే నూనె కారుతుంది, పంపను.

మీ ఢిల్లీకి నీడ లేని రోజు ఏడాది మొత్తంలో రాదు. సూర్యుడు కర్కాటక రేఖ దాటి పైకి రాడు, మీరు దానికీ ఉత్తరాన ఉన్నారు. దక్షిణానికి తిరుగు దారిలో ఆగస్టు 18 ప్రాంతంలో మళ్ళీ మన మేడ మీదికి వస్తాడు. ఆ గ్రహణం పట్టిన తేదీ కూడా అదే, చూశావా! అప్పుడు మబ్బులు ఉండొచ్చు, అయినా రా. సెలవు ఇప్పుడే అడిగిపెట్టు, టికెట్లు దొరకడం కష్టం. జాడీ కూడా అప్పుడే పట్టుకెళుదువు గాని.

ఎండలో తిరగకు. మజ్జిగ తాగుతూ ఉండు.

ఆశీస్సులతో,
అమ్మ